వంకాయ రంగు చాలెంజర్: చెన్నై గాలిలో మజిల్ కారు మోడల్ కట్టడం ఎలా

నవంబర్‌లో వాన తెరిపిచ్చిన ఒక సాయంత్రం, మేడ మీద నిలబడి నా మొదటి చాలెంజర్‌కి, అంటే కిట్టులో వచ్చే ప్లాస్టిక్ ముక్కలు కూర్చి కట్టిన బుల్లి కారుకి, క్లియర్ కోటు (రంగు పైన కొట్టే రంగులేని మెరుపు పూత) కొట్టాను. పెరంబూరులో ఆ వారమంతా ఉతికిన బట్టలు ఆరలేదు. అది చూసైనా నేను ఆగాల్సింది. పది నిమిషాలు తిరక్కుండానే కారు పైకప్పు మీద పాలమీగడ కట్టినట్టు తెల్లటి పొర లేచింది. మూడు వారాలు గీకి, రుద్ది, కడిగి తయారు చేసుకున్న బాడీ అది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

అదేమిటో తర్వాత తెలిసింది. స్ప్రే రంగుల్లో ఉండే లాకర్ థిన్నర్ చాలా త్వరగా ఆవిరైపోతుంది. ఆవిరవుతూ తన కిందున్న ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే, చల్లటి సోడా సీసాకి బయట చెమట పట్టినట్టు, ఆ తడి వచ్చి ఇంకా ఆరని రంగులో ఇరుక్కుంటుంది. పెయింటర్లు దీన్ని బ్లషింగ్ అంటారు. అందుకే చెన్నైలో ప్లాస్టిక్ కారు కట్టాలనుకునేవాళ్ళకి మొదట ఈ మాటే చెబుతాను: కిట్టు ఎప్పుడైనా కొనుక్కోండి, రంగు మాత్రం రోజూ గంటా చూసుకుని కొట్టండి. మిగతా పనులన్నీ ఆ రోజు చుట్టూ సర్దుకోండి.

మా ఇంట్లో దసరాకి బొమ్మల కొలువు పెడతాం. కింది మెట్టు మీద పార్కు, పార్కు పక్కన రోడ్డు, రోడ్డు మీద నా కార్లు. కాబట్టి నా గడువు ఎప్పుడూ దసరాయే. జూన్‌లో పెట్టె తెరుస్తాను. జూలై అంతా బాడీ పని. ఆగస్టులో రంగు, సెప్టెంబర్‌లో పాలిష్, కూర్పు. అక్టోబర్ మధ్య నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాల కాలంలో, స్ప్రే డబ్బా ముట్టుకోను. మీకు కొలువు గడువు లేకపోతే ఫిబ్రవరి, మార్చి నెలలు ఇంకా మంచివి.

ఏ కారు, ఏ సైజు

1964లో పోంటియాక్ కంపెనీ తన మధ్యతరహా కారు టెంపెస్ట్‌లో 389 క్యూబిక్ అంగుళాల పెద్ద వీ8 ఇంజిను పెట్టి, జీటీఓ అని పేరు పెట్టి అమ్మింది. మజిల్ కార్ల ఊపు అక్కణ్ణుంచే మొదలైందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. మనం కట్టబోయేది 1970 డాడ్జ్ చాలెంజర్‌లో వేగానికి పేరుపడ్డ ఆర్/టీ రకం. దీన్ని మజిల్ కారు అనకూడదు, 'పోనీ కారు' (కాస్త చిన్న సైజు స్పోర్టీ కారు) అనాలని పట్టుబట్టేవాళ్ళున్నారు. 426 క్యూబిక్ అంగుళాల, హెమీ అని పేరున్న వీ8 ఇంజినుతో 425 హార్స్‌పవర్ అని కంపెనీయే చెప్పుకున్న బండిని మజిల్ కారు అనడానికి నాకైతే ఏ అభ్యంతరమూ లేదు.

ఆ ఏడాది డాడ్జ్ ఇచ్చిన రంగుల్లో ప్లమ్ క్రేజీ అని ఒకటుంది. మనం చూస్తే నవనవలాడే వంకాయ రంగు అంటాం. నేను ఈ కారు ఎంచుకున్నది సగం ఆ రంగు కోసమే.

అమెరికా కిట్లు, అంటే రెవెల్, ఏఎంటీ, ఎంపీసీ లాంటివి, ఎక్కువగా 1/25 సైజులో, అంటే అసలు కారులో ఇరవై అయిదో వంతుగా, వస్తాయి. మోనోగ్రామ్ పాత అచ్చులు, జపాన్ టమియా కిట్లు 1/24. రెండూ పక్కపక్కన పెడితే తేడా కొంచెమే. కానీ మార్పులు చేయదలచుకుంటే మీకు 1/25 మంచిది. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు. దాన్ని 25తో భాగిస్తే దాదాపు సరిగ్గా 1 మిల్లీమీటరు. అంటే అసలు కారులో అంగుళం మీ బల్ల మీద మిల్లీమీటరు. 15 అంగుళాల చక్రం ఇక్కడ 15 మిల్లీమీటర్లు. అసలు బండిని రెండు అంగుళాలు కిందికి దించాలంటే మీరు 2 మిల్లీమీటర్లు తీయాలి. లెక్కల పుస్తకం అక్కర్లేదు, స్కేలు చాలు. 191 అంగుళాల పొడవున్న చాలెంజర్ మీ బల్ల మీద 19 సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది.

సామాన్లు

కిట్టు తెప్పించుకోవాల్సిందే. స్ప్రే డబ్బాల మీద విమాన రవాణాకి ఆంక్షలుంటాయి కాబట్టి అవి ఇక్కడే కొనుక్కోవడం నయం. కారు టచప్ స్ప్రేలు, రంగు కింద కొట్టే ప్రైమర్, మెరుగు పెట్టే రబ్బింగ్ కాంపౌండ్, తడిపి రుద్దే వాటర్ పేపర్ అన్నీ జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కార్ల సామాన్ల షాపుల్లో అడగండి. వాటర్ పేపర్ 400, 600, 1000, 1500, 2000 నంబర్లు తలా రెండు షీట్లు. సన్నటి డ్రిల్ బిట్లు, చేత్తో తిప్పే చిన్న డ్రిల్లు, సైడ్ కట్టర్ రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. మోటారు వైండింగ్ షాపులో 32 గేజ్ ఎనామెల్ రాగి తీగ రెండు మీటర్లు అడగండి. ఎందుకో తర్వాత చెబుతాను.

జిగురు విషయంలో మాత్రం రాజీ పడొద్దు. కిట్టు ప్లాస్టిక్కుకి, అంటే పాలిస్టైరీన్‌కి, వాడే పల్చటి సిమెంటే కావాలి. అది రెండు ముక్కల్నీ కొద్దిగా కరిగించి ఒకటి చేస్తుంది. ముక్కలు రెండూ ఆనించి పట్టుకుని, బ్రష్ కొనని సందు దగ్గర తాకిస్తే చాలు, జిగురు తనంతట తానే సందులోకి పాకుతుంది. సూపర్ గ్లూ లోహం అతికించడానికి, గట్టి లోపాలు పూడ్చడానికి మాత్రమే.

మాస్కు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఎన్95 మాస్కు దుమ్ముని ఆపుతుంది, థిన్నర్ ఆవిరిని ఆపదు. స్ప్రే కొట్టేటప్పుడు ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు పెట్టుకోండి. కార్ల షెడ్డుల్లో హార్డెనర్ కలిపి కొట్టే పీయూ (పాలీయురథేన్) రంగు అద్దంలా వస్తుంది నిజమే. కానీ ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకి చాలా చెడ్డవి. ఇంట్లో, మేడ మీద ఆ రంగు జోలికి పోవద్దు.

బాడీ: రంగుకి ముందు పని

పుదుపేటలో ఒక టింకరింగ్ షెడ్డులో నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడ్డ పెయింటర్ పెద్దాయన ఉన్నారు. తెల్లపొర లేచిన నా కారుని ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఆ తెల్లదనం వైపు చూడనే లేదు. బాడీని వెలుతురుకి అడ్డంగా పట్టుకుని, కళ్ళు చికిలించి, ఫెండర్ మీద గోరు ఆనించి, "ఇదేంది అబ్బాయ్, గీత అట్టే వదిలేశావు? రంగు కప్పెడతదనుకున్నావా? రంగేసినాకే గదా అది బైటపడేది" అన్నారు. ఆయన వేలు పెట్టిన చోట అచ్చు గీత ఉంది. అప్పటిదాకా అది నా కంటికి ఆనలేదు.

కాబట్టి ముందు బాడీని గిన్నెలు తోమే సబ్బు నీళ్ళతో, పాత టూత్ బ్రష్‌తో కడగండి. అచ్చులోంచి ప్లాస్టిక్ తేలిగ్గా ఊడిరావడానికి వాడిన నూనె జిడ్డు మిగిలుంటే రంగు పట్టదు. ఆరాక కిటికీ దగ్గర కూర్చుని, వెలుతురు ఏటవాలుగా పడేలా బాడీని తిప్పుతూ చూడండి. అచ్చు రెండు భాగాలు కలిసిన చోట వెంట్రుక మందాన గీత ఉంటుంది. ఇలాంటి కార్లలో అది ముందు ఫెండర్ల పైన, కిటికీ స్తంభాల వెంట, వెనక మూలల మీద తరచుగా కనిపిస్తుంది. బ్లేడు అంచుని నిలువుగా పట్టి, పదును పక్కకి కాకుండా, గీకినట్టు లాగండి. తర్వాత 400తో మొదలుపెట్టి 1000 దాకా వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి. పేపర్‌ని వేలితో నొక్కి రుద్దితే వేలి ఆకారంలో గుంట పడుతుంది. పెన్సిల్ రబ్బరుకి చుట్టి రుద్దండి.

చాలెంజర్ పక్కన ముందు నుంచి వెనక దాకా ఒక మడత రేఖ సాగుతుంది, వెనక చక్రం ముందు అది పైకి ఎగిసి తుంటిలా ఉబ్బుతుంది. ఆ కారు అందమంతా ఆ ఉబ్బులోనే ఉంది. అక్కడ రుద్దేటప్పుడు పేపర్ ఎప్పుడూ రేఖకి సమాంతరంగానే నడవాలి. అడ్డంగా నడిస్తే మడత మొద్దుబారుతుంది, మళ్ళీ రాదు. నేనైతే రేఖ మీద సన్నటి మాస్కింగ్ టేపు అంటించి, ముందు కింది భాగం, తర్వాత పై భాగం విడివిడిగా రుద్దుతాను.

గుంటలు కనిపిస్తే కార్ల పుట్టీ వాడొచ్చు. గోడకి లప్పం పెట్టినట్టు మందంగా పెట్టొద్దు. పల్చగా పెట్టి, ఒక రోజు ఆగి, ఇంకో పొర పెట్టండి. పుట్టీ ఆరుతూ కుంగుతుంది, మందంగా పెడితే కింద ప్లాస్టిక్కుని కూడా మెత్తబరుస్తుంది.

తలుపుల సందులు, బానెట్ సందు బ్లేడు వెనక వైపుతో రెండుమూడు సార్లు లాగి కాస్త లోతు చేయండి. ప్రైమరు, రంగు, క్లియర్ అన్నీ కలిసి ఆ సందుల్ని పూడ్చేస్తాయి. ముందే లోతు చేయకపోతే చివరికి తలుపు లేని కారులా కనిపిస్తుంది.

ముందు ఉత్తుత్తి కూర్పు

జిగురు పెట్టకముందే బాడీ, సీట్లుండే లోపలి తొట్టి, ఛాసిస్ (కింది చట్రం), చక్రాలు మాస్కింగ్ టేపుతో కట్టి చూడండి. ఈ ఒక్క సాయంత్రం మిమ్మల్ని చాలా ఏడుపు నుంచి కాపాడుతుంది. పాత అచ్చుల్లో లోపలి తొట్టి బాడీలోకి సగం దాకా వెళ్ళి ఆగిపోవడం మామూలే. రంగు వేశాక అక్కడ బలవంతం చేస్తే పైకప్పు స్తంభం పుటుక్కుమంటుంది.

కారు నిలబడే తీరు నిర్ణయించాల్సింది కూడా ఇప్పుడే. మార్పుల్లో అతి చవకైనది, కంటికి అన్నిటికన్నా ఎక్కువ తేడా చూపించేది ఇదే. పెట్టెలో వచ్చినట్టు కడితే చాలా కిట్లు ఏదో మొహమాటపడుతున్నట్టు ఎత్తుగా నిలబడతాయి. ఆ రోజుల్లో కుర్రాళ్ళు ముందు దించి, వెనక లేపి, వెనక లావు టైర్లు వేసేవాళ్ళు. మీరు ముందు 2 మిల్లీమీటర్లు దించండి, వెనక 1 మిల్లీమీటరు లేపండి. ముందు చక్రాల ఇరుసు కూర్చునే చోటు అంతమేర పైకి జరపాలి. వెనక స్ప్రింగు పట్టీకీ ఛాసిస్‌కీ మధ్య ప్లాస్టిక్ షీట్ ముక్క పెట్టాలి. నాలుగు చక్రాలూ నేలకి ఆనుతున్నాయో లేదో అద్దం పలక మీద పెట్టి చూడండి. ఒక చక్రం కింద కాగితం దూరితే మళ్ళీ సర్దండి.

బానెట్ మీద షేకర్ స్కూప్ (ఇంజినుకి గాలి అందించే గూడు) పెట్టాలనుకుంటే 1970 చాలెంజర్‌కి అది కంపెనీయే ఇచ్చింది, కాబట్టి అసలుకి దూరం పోయినట్టు కాదు. స్కూప్ ఇంజినుకి బిగించి ఉంటుంది, బానెట్‌లో కోసిన కంత లోంచి పైకి వస్తుంది, ఇంజిను వణికినప్పుడల్లా అదీ వణుకుతుంది. కంత కోసేటప్పుడు గీత వెంట సన్నటి డ్రిల్లుతో వరసగా కన్నాలు వేసి, కన్నాల మధ్య బ్లేడుతో కలిపి, అంచుని పేపర్‌తో సరిచేయండి. ఒకేసారి బ్లేడుతో కోయబోతే జారి బానెట్ మధ్యలోకి గీత పడుతుంది.

రంగు

ముందు ఒక ప్లాస్టిక్ స్పూన్ తీసుకోండి. మీరు బాడీ మీద ఏ వరసలో ఏవి కొట్టబోతున్నారో అదే వరసలో స్పూన్ మీద కొట్టి ఒక రోజు ఆగండి. కొన్ని టచప్ స్ప్రేల్లో థిన్నర్ ఘాటుగా ఉండి, పచ్చి ప్లాస్టిక్కుని ఎండిన చెరువు మట్టిలా నెర్రెలు బారేలా చేస్తుంది. స్పూన్ నెర్రెలిస్తే ఆ డబ్బా పక్కన పెట్టండి, లేదా ప్రైమర్ ఇంకో పొర పెంచి మళ్ళీ పరీక్షించండి.

రోజు ఎంచుకోవడం ఇలా. తెల్లవారుజామున తేమ అన్నిటికన్నా ఎక్కువ. ఎండ ఎక్కేకొద్దీ తగ్గుతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే మళ్ళీ పెరుగుతుంది. కాబట్టి వాన లేని రోజు ఉదయం పది నుంచి, సముద్రపు గాలి తిరిగేలోపు ఉన్న ఆ రెండు గంటలు మీవి. చిన్న తేమ మీటరు ఒకటి కొనుక్కోండి. అది 60 దాటి చూపిస్తే నేను క్లియర్ కొట్టను. మీకు ఒకవేళ తెల్లపొర లేస్తే కంగారుపడి పేపర్ తీసుకుని రుద్దొద్దు. పొడి రోజు చూసి, అదే క్లియర్ మళ్ళీ పల్చగా కొడితే పై పొర తిరిగి మెత్తబడి, ఇరుక్కున్న తడి చాలావరకు పోతుంది. నా కారుని పెద్దాయన అలాగే బాగుచేశారు, జనవరి దాకా ఆగి.

ఎండలో కొట్టొద్దు, నీడలోనే కొట్టండి. మన ఎండకి రంగు తుంపర గాల్లోనే ఆరిపోయి ఇసుకలా పడుతుంది. స్ప్రే డబ్బాని ఎండలో వదిలేయొద్దు, పేలే ప్రమాదముంది. నేల మీద నీళ్ళు చల్లితే దుమ్ము అణుగుతుంది కానీ తేమ పెరుగుతుంది. తడిగుడ్డతో తుడిచి, అది ఆరాకే మొదలుపెట్టండి.

బాడీని ఒక ఖాళీ వాటర్ బాటిల్ మీద టేపుతో నిలబెట్టండి. బూడిద రంగు ప్రైమర్ రెండు పల్చటి పొరలు. ఆరాక వెలుతురులో మళ్ళీ చూడండి, వదిలేసిన గీతలన్నీ ఇప్పుడు కనిపిస్తాయి. రుద్ది, మళ్ళీ ప్రైమర్ కొట్టండి. నేను మామూలుగా మూడు సార్లు ఈ పని చేస్తాను.

తర్వాత వంకాయ రంగు. మెటాలిక్ రంగు ఎంచుకునేటప్పుడు మెరుపు రేణువు ఎంత సన్నదైతే అంత మంచిది. కారు 25 రెట్లు చిన్నదైంది, రేణువు మాత్రం చిన్నది కాలేదు. అసలు కారుకి వాడే రంగులో మెరుపులు ముతకగా ఉంటే మోడల్ మీద గులాబీ రంగు చమ్కీలు చల్లినట్టుంటుంది. డబ్బా 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి. కారు ముందే బటన్ నొక్కి, కారు దాటాకే వదలండి. మధ్యలో ఆపితే అక్కడ చుక్క పడుతుంది. మొదటి పొర మంచులా పడితే చాలు, కింద ప్రైమర్ కనిపిస్తున్నా పర్వాలేదు. పది పదిహేను నిమిషాలకి రెండోది, ఇంకో పావుగంటకి మూడోది. ప్రతి పొరా అయ్యాక పెద్ద ప్లాస్టిక్ డబ్బా బోర్లించి దుమ్ము పడకుండా మూసేయండి.

ఆర్/టీకి వెనక భాగం చుట్టూ తిరిగే బంబుల్‌బీ చార గానీ, పక్కన పొడవుగా సాగే చార గానీ కొనేవాళ్ళు ఎంచుకునేవాళ్ళు. ఆ చార డెకాల్ (నీళ్ళలో నానబెట్టి అంటించే పల్చటి స్టిక్కరు) అతికించి రెండు రోజులు ఆరనివ్వండి. ఆ పైన క్లియర్ మొదటి రెండు పొరలు పొడిపొడిగా, దూరం నుంచి కొట్టండి. ఒక్కసారే తడిగా కొడితే లాకర్ డెకాల్‌ని ముడతలు పెడుతుంది. ఆ తర్వాతే తడి పొరలు.

ఇక ఆగాలి. బాడీని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. థిన్నర్ వాసన వస్తోందంటే లోపల ఇంకా ఆరలేదు. నేను రెండు వారాలు ముట్టుకోను. అప్పుడు 2000 నంబర్ పేపర్ నీళ్ళలో నానబెట్టి, సబ్బు చుక్క వేసి, పై పొర మెరుపు పోయేదాకా మెల్లగా రుద్దండి. మడత రేఖల మీద, అంచుల మీద రుద్దకండి, అక్కడ రంగు పల్చగా ఉండి కింది ప్రైమర్ బయటపడుతుంది. తర్వాత పాత నూలు పంచె ముక్కతో కాంపౌండ్. గుండ్రంగా, తక్కువ ఒత్తిడితో, ఒక్కో ప్యానెల్ విడిగా. పైకప్పులో ట్యూబ్‌లైట్ నీడ వంకర లేకుండా కనిపిస్తే అక్కడితో ఆపేయండి.

హెమీకి తీగలు

రంగు ఆరే రెండు వారాల్లో ఇంజిను పని పెట్టుకోండి. స్ట్రీట్ హెమీ, అంటే రోడ్డు కార్లకి వచ్చిన హెమీ, రంగు నారింజ. షెవర్లే ఇంజినుకీ నారింజే గానీ అది వేరే ఛాయ, ఫోర్డ్ అయితే నీలం. వాల్వ్ కవర్లు, అంటే ఇంజిను పైన రెండు పక్కలా ఉండే మూతలు, నల్లగా, కాస్త గరుకుగా ఉండాలి. ఎగ్జాస్ట్‌కి నారింజ వద్దు, ముడి ఇనుము రంగు వేయండి, ఎందుకంటే అసలు బండిలో ఆ వేడికి రంగు నిలవదు.

ఇప్పుడు ఆ రాగి తీగ. అసలు కారు స్పార్క్ ప్లగ్ తీగ సుమారు 7 మిల్లీమీటర్ల మందం. 25తో భాగిస్తే 0.28. మీరు తెచ్చిన 32 గేజ్ తీగ 0.27 మిల్లీమీటర్లు. ఇంతకన్నా దగ్గరగా ఏదీ రాదు. పర్మనెంట్ మార్కర్ మధ్య తీగని రెండుసార్లు లాగితే నల్లబడుతుంది.

హెమీలో ప్లగ్గులు సిలిండర్ హెడ్ పక్క నుంచి కాక వాల్వ్ కవర్ మధ్యలోంచి లోపలికి దిగుతాయి. అందుకే ఈ ఇంజిను తీగలు పైకే కనిపిస్తాయి, మీ కష్టమంతా నలుగురికీ కనపడుతుంది. ఒక్కో కవర్ మీద నాలుగు చోట్ల 0.3 మిల్లీమీటర్ల కన్నం వేయండి. సూదితో ముందు చిన్న గుంట చేస్తే డ్రిల్లు జారదు. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఇంజిను ముందు భాగంలో ఉంటుంది. దాని మూత మీద ఎనిమిది ప్లగ్గులకి ఎనిమిది, కాయిల్‌కి ఒకటి, మొత్తం తొమ్మిది తీగలు రావాలి. మూత వెడల్పు మూడు మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే. తొమ్మిది కన్నాలు వేయడం మొదటిసారి కష్టం. మధ్యలో 1.2 మిల్లీమీటర్ల కన్నం ఒకటే వేసి, తొమ్మిది తీగల కట్టని అందులో దింపి సూపర్ గ్లూ చుక్క పెట్టండి. తర్వాత ఒక్కో తీగనీ బయటికి వంచితే మూతలోంచి విడివిడిగా వచ్చినట్టే కనిపిస్తాయి.

ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-8-4-3-6-5-7-2. కారులో కూర్చున్న డ్రైవర్‌కి ఎడమ వైపు ముందు నుంచి వెనక్కి 1, 3, 5, 7. కుడి వైపు 2, 4, 6, 8. మూత చుట్టూ ఏ తీగ పక్కన ఏ తీగ ఉండాలో ఈ వరస చెబుతుంది. చూసేవాళ్ళలో నూటికి ఒక్కరు కూడా లెక్కపెట్టరు. నేను మాత్రం ఆ వరసలోనే పెడతాను, తప్పుగా పెట్టిన ఇంజిను మూసేసినా నాకు నిద్ర పట్టదు.

ఛాసిస్ గురించి ఎక్కువ చెప్పను. కింద బాడీ రంగు తుంపర అంచుల్లో కనపడేలా ప్రైమర్ రంగు, సైలెన్సర్ వెండి రంగు, ఇరుసు సగం మెరుపు నలుపు. కొలువులో కారుని తిరగేసి చూసేది పిల్లలొక్కరే.

క్రోమ్ పట్టీలు

కిటికీల చుట్టూ, పైకప్పు నీళ్ళు జారే అంచు మీద, చక్రాల తోరణాల మీద సన్నటి మెరుపు పట్టీ ఉంటుంది. వెండి రంగు బ్రష్‌తో వేస్తే బూడిద రంగు గీతలా ఉంటుంది. వెనక జిగురుండే సన్నటి రేకు, బేర్ మెటల్ ఫాయిల్, దీనికి సరైనది. కొత్త బ్లేడుతో పట్టీ కన్నా రెండింతల వెడల్పున కోసి, పళ్ళు కుట్టుకునే పుల్ల మొన నలగ్గొట్టి దాంతో రేకుని పట్టీ మీదికి నొక్కండి. అంచు ఎక్కడుందో రేకు మీదే గీతలా తేలుతుంది. ఆ గీత వెంట బ్లేడు బరువుతోనే, చెయ్యి నొక్కకుండా, లాగండి. నొక్కితే కింద ఎన్నో వారాల రంగు తెగుతుంది. ఒక కిటికీకి ఒక బ్లేడు మొన. పొదుపు చేసే చోటు కాదిది. వంపు మూలల్లో రేకు ముడత పడితే అక్కడ మోలోటో క్రోమ్ పెన్నుతో సర్దుకోవచ్చు.

బంపర్లకి కిట్టులోనే క్రోమ్ పూత వస్తుంది. దాని మీద అచ్చు గీత ముందు వైపే ఉంటే తప్ప కదిలించకండి. తీయక తప్పకపోతే బట్టల బ్లీచ్‌లో నానబెడితే కాసేపట్లో పూత కరిగిపోతుంది. ఆ బ్లీచ్‌లో ఇంకే క్లీనరూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. ముందు గ్రిల్‌లో పల్చటి నల్ల ఎనామెల్ పోసి, పైభాగం తుడిచేయండి. ఒక్క నిమిషం పని, కారు ముఖానికి కాటుక పెట్టినట్టవుతుంది.

లోపల, అద్దాలు, కొలువు

లోపల నేల మీద కార్పెట్‌కి నా దగ్గర ఒక ఇంటి చిట్కా ఉంది. కొలువు పార్కులో గడ్డికి రంగు వేసిన రంపపు పొట్టు వాడతాం కదా, దాన్నే నలుపు చేసి, పల్చటి గుడ్డలో జల్లించండి. నేల మీద ఫెవికాల్ నీళ్ళలో కలిపి పూసి, ఆ పొడి చల్లి, ఆరాక దులిపేయండి. 1/25 సైజులో అది అచ్చం కార్పెట్టే. సీట్లు సగం మెరుపు నలుపు. మీటర్ల మీద క్లియర్ చుక్క ఒక్కోటి పెడితే అద్దం బిగించినట్టుంటుంది.

అద్దాలు ఫెవికాల్‌తోనే అతికించండి. సూపర్ గ్లూ ఆవిరి అద్దం మీద తెల్లగా పేరుకుంటుంది, ఆ మచ్చ తుడిస్తే పోదు. ఫెవికాల్ ఆరాక కనపడదు, పొంగినా తడిగుడ్డతో పోతుంది.

చివరిగా టైర్లు. మెత్తటి వినైల్ టైర్లలో ఉండే రసాయనం మెల్లగా బయటికి ఊరి, తగిలిన ప్లాస్టిక్కుని కరిగిస్తుంది. మన వేడిలో ఇంకా త్వరగా. కట్టకుండా పెట్టెలో ఉంచిన కిట్టులో కూడా టైర్లు బాడీకి తగలకుండా ముందే విడిగా కవర్లో వేయండి. చక్రం రిమ్ముకి రంగు వేశాకే టైరు ఎక్కించండి.

కొలువు మెట్టు మీద కారు పెట్టేటప్పుడు నాలుగు టైర్ల కింద వంటింటి అల్యూమినియం రేకు చిన్న ముక్కలు వేయండి, వాటి పైన రోడ్డు కాగితానికి కలిసిపోయే నలుపు పూస్తే కనపడవు. దసరా అయ్యాక బొమ్మలతో పాటు ట్రంకు పెట్టెలో సర్దేటప్పుడు ప్లాస్టిక్ కవర్లో చుట్టొద్దు. పాత నూలు చీర ముక్కలో చుట్టి, కారు బరువు టైర్ల మీద పడకుండా ఛాసిస్ కింద చెక్క ముక్క పెట్టి, సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, పైన విఘ్నేశ్వరుడి బొమ్మ పెట్టకుండా చూసుకోండి. మా ఇంట్లో ఆయనది రెండు కిలోల మట్టి విగ్రహం.